మా నాయిన చెడ్డోడా అక్కా?

ఎనిమిదో తరగతిలో మాకు ఇంగ్లీష్ నాన్‌డిటైల్‌గా ‘బ్లాక్ బ్యూటీ’ ఉండేది. అరవై, డెబ్బై పేజీల చిన్న పుస్తకం, అట్ట మీద నల్ల గుర్రం బొమ్మ. యూనిట్ టెస్ట్‌లో ‘ఈ కథలో నీతి ఏమిటి?’ అని అయిదు మార్కుల ప్రశ్న వచ్చింది. జంతువుల పట్ల దయగా ఉండాలని ఇంగ్లీష్‌లో ఒక పేరాగ్రాఫ్ రాశాను. అయిదుకి అయిదు వేశారు.

సరిగ్గా ఆ వారమే మా బావ పెళ్లి. రాత్రి బరాత్. బావ తెల్ల గుర్రం మీద కూర్చున్నాడు. ముందు డీజే, పక్కన లైట్లు, రోడ్డు మీద పదివేల వాలా. గుర్రం ముందు నేను గంటసేపు డ్యాన్స్ చేశాను. మధ్యలో దాని మెడ మీద చెయ్యేసి ఫోటో కూడా దిగాను. ఆ ఫోటో ఇప్పటికీ మా ఫ్యామిలీ గ్రూప్‌లో ఉంది. మొన్న మళ్లీ చూశాను. నేను నవ్వుతున్నాను. గుర్రం చెవులు వెనక్కి అణిగిపోయి ఉన్నాయి, కంట్లో తెల్లగుడ్డు కనిపిస్తోంది, మూతి దగ్గర నురగ.

గుర్రం గురించి అయిదుకి అయిదు తెచ్చుకున్న అమ్మాయికి పక్కనే ఉన్న గుర్రం కనపడలేదు. ఎందుకు? ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

సెకండియర్‌లో ఎన్ఎస్ఎస్ తరఫున మేం నలుగురం ప్రతి శనివారం కాలేజీకి దగ్గర్లో ఉన్న జిల్లా పరిషత్ స్కూల్‌కి వెళ్తున్నాం. ఏడో తరగతి పిల్లలతో రెండు పీరియడ్లు. ఒక నెల ‘జంతువుల హక్కులు’ అనే టాపిక్ తీసుకున్నాం. కంప్యూటర్ సైన్స్ వాళ్లం కదా, ముందు పీపీటీ చేశాం. రాజ్యాంగంలోని 51ఎ(జి) అధికరణ ప్రకారం ప్రాణుల పట్ల కరుణ చూపడం ప్రతి పౌరుడి ప్రాథమిక విధి అని ఒక స్లైడ్. జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం, 1960 అని ఇంకో స్లైడ్. పిల్లలు మర్యాదగా ఆవలించారు. ఒకడు మాత్రం చెయ్యెత్తి, “కొడితే ఫైన్ ఎంతక్కా?” అని అడిగాడు. ఆ చట్టంలో మొదటిసారి నేరానికి రాసి ఉన్న జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయల వరకు. అదే చెప్పాను. క్లాసంతా గొల్లుమంది. “యాభై రూపాయలిస్తే కొట్టచ్చా అక్కా?” అన్నాడు వాడు. మా పీపీటీ అక్కడితో అయిపోయింది.

పై వారం స్లైడ్లు పక్కన పెట్టి కథ చెబుదామనుకున్నాం. అప్పుడే హాస్టల్లో కూర్చుని ‘బ్లాక్ బ్యూటీ’ అసలు నవల మొదటిసారి పూర్తిగా చదివాను. కాపీరైట్ ఎప్పుడో అయిపోయింది కాబట్టి ఫోన్లో ఉచితంగానే దొరుకుతుంది. మొత్తం 49 చిన్న చిన్న అధ్యాయాలు. నాలుగు రాత్రులు పట్టింది. స్కూల్లో నేను చదివింది ఈ నవల కాదని అప్పుడు తెలిసింది. దీన్లోంచి నీతిని మాత్రం మిగిల్చి, కారణాలన్నీ తీసేసిన పుస్తకం అది.

రాసిన ఆవిడ పేరు ఆనా స్యూవెల్. ఇంగ్లండ్‌లో 1820లో పుట్టింది. పద్నాలుగేళ్ల వయసులో జారిపడి కాళ్లకు దెబ్బ తగిలింది. అది జీవితాంతం సరిగా నయం కాలేదు. ఎక్కడికి వెళ్లాలన్నా గుర్రపు బండే. అంటే ఆవిడకు గుర్రాలు ముచ్చట కాదు, అవసరం. చివరి ఏళ్లలో మంచం మీదుండి, కొంత తను రాస్తూ, కొంత చెబుతుంటే తల్లి రాసిపెడుతూ, ఈ ఒక్క నవల పూర్తి చేసింది. 1877 నవంబర్‌లో అచ్చయింది. అయిదు నెలలకు, 1878 ఏప్రిల్‌లో, ఆవిడ చనిపోయింది. మొదటి ముద్రణలో లోపలి పేజీ మీద ‘గుర్రపు భాష నుంచి అనువాదం’ అని వేశారట. మన క్లబ్బులో అనువాదాల మీద కొట్టుకునే వాళ్లందరికీ ఈ మాట నచ్చుతుందని రాస్తున్నాను.

నన్ను ఆశ్చర్యపరిచిన విషయం ఇంకొకటి. ఆవిడ దీన్ని పిల్లల కోసం రాయలేదు. గుర్రాలతో పని చేసేవాళ్ల కోసం, అంటే బండ్లు తోలేవాళ్లు, సాలల్లో పనిచేసే కుర్రాళ్ల కోసం రాసింది. పిల్లల పుస్తకం అన్న ముద్ర తర్వాత పడింది. ఈ సంగతి ఎంత ముఖ్యమో నాకు ఏడో తరగతి క్లాసులోనే అర్థమైంది.

కథ తెలుగులో చెప్పాలి. నాది నర్సరీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. మొదటి పది నిమిషాల్లోనే పరువు పోయింది. హార్స్‌షూకి తెలుగు తెలియక “గుర్రం చెప్పులు” అన్నాను. మూడో బెంచీలోంచి ఒక అబ్బాయి, “లాడం అంటరు అక్కా. మా నాయిన నాల్ అంటడు” అన్నాడు. జీను, కళ్లెం, పగ్గాలు, జూలు, గిట్టలు, నేను తడుముకున్న ప్రతి చోటా వాడే మాట అందించాడు. వాళ్ల నాన్నకు పెళ్లిళ్లకు తిప్పే గుర్రం ఉందని తర్వాత తెలిసింది. ఆ పూట కథ చెప్పింది నేనే గానీ సగం తెలుగు వాడిది.

గుర్రమే ‘నేను’ అంటూ చెప్పే కథ ఇది. అందులో కొత్తేముంది, మన పంచతంత్రంలో జంతువులు మాట్లాడవా అని మీరు అడగొచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ తేడా ఉంది. పంచతంత్రంలో నక్క నిజంగా నక్క కాదు, జిత్తులమారి మంత్రి. ఎద్దు అంటే నమ్మి మోసపోయిన మిత్రుడు. అవి మనుషుల గురించి మనుషులు చెప్పుకున్న కథలు. చిన్నయసూరి నీతిచంద్రిక చదివిన వాళ్లెవరికీ ఎద్దుకు ఏం కావాలో తెలియదు, మనిషి ఎలా బతకాలో తెలుస్తుంది. ఆ కథల పనే అది, వాటి తప్పేం లేదు. స్యూవెల్ గుర్రం అలా కాదు. దానికి నీళ్లు ఎప్పుడు తాగాలో, చెమట పట్టాక కంబళి కప్పకపోతే ఏమవుతుందో, రాళ్ల రోడ్డు మీద లాడం ఊడితే ఎంత నొప్పో చెబుతుంది. దాని కష్టాలు గుర్రం కష్టాలే.

ఇంకో తేడా కూడా ఉంది. అనంతామాత్యుడి భోజరాజీయంలో ఆవు, పులి కథ మనందరికీ తెలుసు. దూడకు పాలిచ్చి తిరిగొస్తానని పులికి మాటిచ్చి, నిజంగానే తిరిగొచ్చిన ఆవు. చిన్నప్పుడు అమ్మమ్మ చెబితే ఏడ్చాను. ఇప్పుడూ ఇష్టమే. కానీ ఆ ఆవు మన గౌరవం సంపాదించుకుంది, సత్యం తప్పలేదు కాబట్టి. మరి తిరిగి రాని ఆవు సంగతేంటి? హక్కు అంటే మంచితనానికి ఇచ్చే బహుమతి కాదు కదా. మంచిగా ఉన్నా లేకపోయినా ఉండేదే హక్కు.

‘బ్లాక్ బ్యూటీ’లో ఈ సంగతి జింజర్ అనే గుర్రం చెబుతుంది. కరుస్తుంది, తన్నుతుంది, ఎవరినీ దగ్గరికి రానివ్వదు. నేను కథ ఆపి, “జింజర్ ఎంతమందికి నచ్చింది?” అని అడిగాను. ఒక్క చెయ్యి కూడా లేవలేదు. తర్వాత దాని చిన్నప్పటి సంగతి చెప్పాను. తల్లి దగ్గర్నుంచి తొందరగా విడదీయడం, మగవాళ్లు నలుగురు కలిసి మూలకు తరిమి పట్టుకుని బలవంతంగా కళ్లెం వేయడం, మంచిమాట అన్న మనిషి ఒక్కడూ లేకపోవడం. మళ్లీ అదే ప్రశ్న అడిగాను. ఈసారి చాలా చేతులు లేచాయి. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి, “మా ఇంటి కాడి కుక్క కూడా గట్లనే అక్కా, ఊకె మొరుగుతది. దాన్ని చిన్నప్పుడు ఎవరో కాల్చిన్రు” అంది. నా పదిహేను స్లైడ్లు చేయలేని పని అది.

చివర్లో లండన్ వీధుల్లో అద్దె బండి లాగి లాగి జింజర్ చావాలని కోరుకుంటుంది. కొన్నాళ్లకు ఒక బండి మీద చచ్చిన గుర్రాన్ని తీసుకెళ్తుంటే బ్యూటీ చూస్తుంది. అది జింజరే అనుకుంటుంది, జింజరే అయితే బాగుండునని కూడా అనుకుంటుంది, దాని బాధ తీరిపోయిందని. ఆ భాగం చెప్పాక క్లాసులో చప్పుడు లేదు. అప్పుడు ఆ మూడో బెంచీ అబ్బాయి లేచాడు.

“అక్కా, గట్లయితే మా నాయిన చెడ్డోడా?”

నా దగ్గర జవాబు లేదు. బెల్ కొట్టడం వల్ల బతికిపోయాను. హాస్టల్‌కి వచ్చేదాకా నా బుర్రలో అదే మాట. జంతువుల మీద ప్రేమ పుట్టిద్దామని వెళ్లి, ఒక పన్నెండేళ్ల పిల్లాడికి కన్నతండ్రి మీద అనుమానం పుట్టించానా?

నా స్నేహితుల్లో చాలామంది అనే మాటా ఇదే. “మనుషుల హక్కులకే దిక్కు లేదు, జంతువుల హక్కులు కావాలా? ఆ బండి తోలేవాడి కడుపు ఎవరు నింపుతారు?” ఈ మాట అన్నవాళ్లు చెడ్డవాళ్లు కాదు. కానీ వాళ్లు కూడా నాలాగే చిన్న పుస్తకమే చదివి ఉంటారు. ఎందుకంటే ఈ ప్రశ్న నవల్లో ఉంది. నా స్కూలు పుస్తకంలో లేని ఒక అధ్యాయంలో.

అందులో శామ్ అనే బండివాడు ఉంటాడు. చిరిగిన బట్టలు, అరిగిపోయిన గుర్రం. గుర్రాన్ని ఇలా చంపేస్తున్నావేంటని తోటి బండివాళ్లు నిలదీస్తే శామ్ ఎదురు తిరుగుతాడు. బండి, రెండు గుర్రాలు నావి కావు, రోజుకు పద్దెనిమిది షిల్లింగులు అద్దె కట్టాలి, ఆ పైన వచ్చిందే నాకు అంటాడు. రోజుకు పద్నాలుగు నుంచి పదహారు గంటల పని, వారాల తరబడి ఆదివారం సెలవు లేదు. నేను అలిసిపోయి, ఆకలితో ఉంటే గుర్రం మీద దయ ఎక్కడి నుంచి వస్తుందని అడుగుతాడు. ఎవరూ మాట్లాడలేరు. కొద్దిరోజులకే శామ్ జబ్బు చేసి చనిపోతాడు. అతని బండి మీద వేరే మనిషి కనిపిస్తాడు. ఆ బండ్ల యజమాని పేరు స్కిన్నర్. తర్వాత బ్యూటీ కూడా అతని చేతికే వస్తుంది. గుర్రాన్నీ, మనిషినీ అరగదీసింది ఒకే లెక్క, రోజువారీ అద్దె.

ఇప్పుడు యాప్‌ల కోసం బైక్ తోలేవాళ్లను చూస్తుంటే శామ్ గుర్తొస్తాడు, అది వేరే వ్యాసం. ఇక్కడ చెప్పదలచుకున్నది ఒకటే. మనిషి హక్కు, జంతువు హక్కు ఒకదాని నోటి దగ్గరి కూడు ఇంకొకటి లాక్కునేవి కావు. చాలాసార్లు రెండూ ఒకే చోట తెగుతాయి.

క్రూరత్వానికి స్యూవెల్ ఒక్క కారణం చెప్పి ఊరుకోలేదు. కోడ్‌లో బగ్ వస్తే ఎవడు రాశాడని కాకుండా ఎక్కడుందని వెతకమంటారు మా ల్యాబ్ సార్. ఆవిడ అదే చేసింది. జో అనే పద్నాలుగేళ్ల కుర్రాడు చెమటతో ఉన్న బ్యూటీకి చన్నీళ్లు పెట్టి, కంబళి కప్పకుండా వదిలేస్తాడు. గుర్రం చావు దాకా వెళ్తుంది. అక్కడ కారణం తెలియనితనం. అదే జో తర్వాత ఇటుకల బండి గుర్రాలను కొడుతున్నవాడి మీద కోర్టులో సాక్ష్యం చెబుతాడు, కథ చివర్లో ముసలిదైపోయిన బ్యూటీని గుర్తుపట్టేదీ అతనే. శామ్ విషయంలో కారణం పేదరికం. ఇంకోచోట తాగుడు. వీటన్నిటికంటే ఎక్కువ కోపంగా ఆవిడ రాసింది ఫ్యాషన్ గురించి.

ఆ రోజుల్లో గొప్పింటి బండ్ల గుర్రాలకు మామూలు పగ్గాలతో పాటు ఇంకో పగ్గం కట్టేవాళ్లు. గుర్రం తల దించకుండా ఎత్తి పట్టి ఉంచడానికి. చూడ్డానికి రాజసంగా ఉంటుంది. కానీ ఎత్తెక్కేటప్పుడు గుర్రం తల ముందుకు వంచితేనే బరువు లాగగలదు. అలా కట్టేస్తే మెడ, వెన్ను, ఊపిరి అన్నీ దెబ్బతింటాయి. నవల్లో ఒక గొప్పింటి ఇల్లాలు ఆ పగ్గం ఇంకా బిగించమని, ఇంకా బిగించమని చెబుతూనే ఉంటుంది. జింజర్ తిరగబడేది అప్పుడే. ఆ పగ్గానికి వ్యతిరేకంగా నడిచిన ప్రచారానికి ఈ నవల పెద్ద బలమైంది. 1890లో జార్జ్ ఏంజెల్ అనే ఆయన అమెరికాలో దీన్ని అచ్చువేయించి బండివాళ్లకు, సాలల్లో పనివాళ్లకు పంచిపెట్టించాడు.

ఆ అధ్యాయం చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది మా బావ బరాత్. పగ్గం బిగించమన్న ఆ ఇల్లాలు ఎవరో కాదు, నేనే. పదివేల వాలా తెచ్చింది గుర్రం ఆయన కాదు. డీజే సౌండ్ పెంచమన్నది ఆయన కాదు. రెండు కాళ్ల మీద లేపి డ్యాన్స్ చేయించమని అరిచింది మా వాళ్లు. ఆయన మాత్రం కళ్లెం దగ్గర నిలబడి, గుర్రం చెవి పక్కన చెయ్యి అడ్డం పెట్టాడు. ఫోటోలో ఆ చెయ్యి కనిపిస్తుంది. ఇన్నేళ్లూ నేను గమనించలేదు.

తర్వాతి శనివారం శామ్ అధ్యాయం, పగ్గం అధ్యాయం చెప్పాను. నా ఫోటో కూడా క్లాసులో చూపించాను. “మీ నాన్న చెడ్డోడు కాదురా. ఈ ఫోటోలో తప్పు ఎవరిదో చెప్పండి” అన్నాను. పిల్లలు నన్ను కాసేపు చూసి, నవ్వి, “నీదే అక్కా!” అన్నారు. ఆ అబ్బాయి కూడా నవ్వాడు. అలాగని వాళ్ల నాన్నకు ఏ బాధ్యతా లేదని నేను చెప్పలేదు. పుండు మీద జీను వేయకూడదు, రాత్రి పని ఉంటే పగలు నీడ, నీళ్లు ఉండాలి అని వాడే చెప్పాడు. నాకంటే వాడికే బాగా తెలుసు.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ‘బ్లాక్ బ్యూటీ’ అసలు గుర్రాలతో బండ్లు లాగించొచ్చా అని అడగదు. మంచి యజమాని దొరకడమే దాని కల. అది సంక్షేమం, హక్కు దాకా పూర్తిగా రాదు. ఆ ప్రశ్నకు ఇంకొంచెం దగ్గరగా వెళ్లే పిల్లల నవల 1952లో ఈ.బి. వైట్ రాసిన ‘షార్లట్స్ వెబ్’. బక్కచిక్కి పుట్టిన పందిపిల్లను చంపడానికి తండ్రి గొడ్డలి తీసుకెళ్తుంటే ఎనిమిదేళ్ల పాప అడ్డం పడుతుంది, నేను బక్కగా పుట్టి ఉంటే నన్నూ చంపేవాడివా అని. జాలి పడమని కాదు, న్యాయం కాదని వాదిస్తుంది. అదే పొద్దున్న వాళ్ల వంటింట్లో వేగుతున్నది పంది మాంసమే. రచయిత ఆ వాసనను దాచిపెట్టలేదు.

ఈ కథ చెబితే పిల్లలు ఊరుకుంటారా? “నువ్వు చికెన్ తింటవా అక్కా?” అన్నారు. తింటాను. ఆదివారం మెస్‌లో బిర్యానీ ఉంటే లైన్‌లో ముందుండేదాన్నే. అదే చెప్పాను. “మరి?” అన్నారు. “నాకింకా తెలియదు, ఆలోచిస్తున్నా” అన్నాను. ఇంట్లో పెంచిన మేకను అమ్మిన రోజు అన్నం తినని పిల్లలు ఆ క్లాసులో ఉన్నారు, ఆ మేక డబ్బుతో స్కూల్ బూట్లు కొనుక్కున్న పిల్లలూ ఉన్నారు. ఇద్దరూ ఒక్కరే కావచ్చు కూడా. అలాంటి చోట నేను తీర్పు చెబితే అది మళ్లీ అయిదు మార్కుల జవాబే అవుతుంది. అలాగని ప్రశ్నే ఎత్తకపోవడం పిరికితనం. నవల గొప్పతనం ఇక్కడే ఉందనిపిస్తుంది. జవాబు చేతిలో పెట్టకుండా, ప్రశ్నతో పిల్లల్ని కొన్నాళ్లు ఉండనిస్తుంది.

అందుకే స్కూళ్లలో జంతువుల హక్కుల గురించి చెప్పాలనుకునే టీచర్లకు, మనలాగా శనివారాలు వెళ్లే వాళ్లకు నా మనవి. నవల చెప్పండి, కానీ కారణాలు కోసేయకండి. ఏడుపొచ్చే భాగం ఉంచి శామ్‌ని తీసేస్తే, పిల్లలకు మిగిలేది పేదవాళ్ల మీద కోపం మాత్రమే. పిల్లల ఇంటి భాషలో చెప్పండి, మాట రాకపోతే వాళ్లనే అడగండి. గేదెలు, మేకలు, కోళ్ల మధ్య పెరిగిన పిల్లలకు మనం నేర్పేదానికంటే వాళ్ల దగ్గర నేర్చుకునేదే ఎక్కువ. ఇక ‘నీతి ఏమిటి?’ అని మాత్రం అడగొద్దు. ‘ఇప్పుడు ఈ ప్రాణికి ఏం కావాలి? అది దానికి దక్కకుండా ఆపుతున్నదెవరు?’ అని అడగండి. మొదటి ప్రశ్నకు ఎనిమిదో తరగతిలో నేను రాసిన జవాబు చాలు. రెండో దానికి మాత్రం పుస్తకం మూసి బయటికి చూడాలి.

కిందటి నెల ఆ అబ్బాయి, కథంతా వాళ్ల నాన్నకు చెప్పానన్నాడు. ఆయన ఏమన్నాడని అడిగాను. “పటాకులు కాలుస్తుంటే నాకే భయమైతది, దానికి కాదా అన్నడు. కానీ వద్దంటే ఇంకో గుర్రాన్ని పిలుస్తరంట అక్కా.”

ఫిబ్రవరిలో మా అన్నయ్య పెళ్లి. ఫ్యామిలీ గ్రూప్‌లో బరాత్ ప్లానింగ్ మొదలైంది. గుర్రం వద్దు, కారులో వెళ్దాం అని మెసేజ్ పెట్టాను. గుర్రం ఆయన సంపాదన పోతుందనుకుంటే గుర్రాన్నే పెట్టండి, కానీ దాని దగ్గర పటాకులు, డీజే వద్దని రాసి ఇవ్వండి అని కూడా రాశాను. మా పెదనాన్న, “ఒక్కరోజే కదమ్మా” అన్నారు. మనకు ఒక్కరోజే పెదనాన్నా, దానికి ముహూర్తాలున్న ప్రతి రోజూ అన్నాను. ఆయన ఇంకా జవాబివ్వలేదు. రెండు నీలం టిక్కులు మాత్రం పడ్డాయి.